అసిరమ్మ చెయ్యి

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ఆలస్యంగా దొరికాయి. మా ఆయన పోయాక, యాభై తొమ్మిదో ఏట పలక పట్టాను. ఒత్తులు ఎక్కడైనా జారితే మీరే సర్దుకుని చదవండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకే వానల్లో మొదలుపెట్టిన ఈ కథ ఎండలు ముదిరాక గానీ పూర్తి కాలేదు. మీరు అంత నెమ్మదిగా చదవక్కర్లేదు.

*

చేతొడుగు లోపలి గాలి పోయేదాకా నూకరత్నం ఆగింది. తర్వాత మోచేతి దగ్గర మడత విప్పి, ఒంటికి అంటుకున్న తడిగుడ్డను ఊడదీసినట్టు, తవిటమ్మ కుడిచేతి మీంచి దాన్ని నెమ్మదిగా కిందికి లాగింది. తీగలు నొక్కుకున్న చోట చర్మం మీద ఎర్రటి గీతలు తేలాయి.

“తేడా ఎక్కువ,” అంది గోడలోంచి సరిచూపు, చేతుల్ని కొలిచే యంత్రం. దాని గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. “చక్రం సగం తిరిగాక నిలుపు లేదు. బలం ఎడమ భుజం నుంచి వస్తోంది. ఒప్పుకోలు లేదు.”

తవిటమ్మ చేతిని రుద్దుకుంటూ గోడవైపు కోపంగా చూసింది.

“నాను ఆగలేదంట! నా సెయ్యి ఎల్తంటే అదే ఎనక్కి లాగింది. అది లాగితే నాను తోశాను. నానేటి సేసేది పంతులమ్మా?”

బల్లమీద కూర్చున్న అయిదుగురూ నవ్వారు. వాళ్ళందరికీ ఒప్పుకోలు వచ్చేసింది. వాళ్ళలో దాలమ్మ నోరు పెద్దది.

“ఒలే తవిటీ, ఆ ఎడంసెయ్యి ఊడదీసి సముద్రంలోకి ఇసిరీయే. మిగిలిన సెయ్యి బుద్ధిగా ఉంటాది.”

“ఇసిరితే నీ నెత్తి మీదే పడతాది, సూసుకో.”

“పడనీ. నా నెత్తికి ఒప్పుకోలుంది.”

“నవ్వింది చాలు,” అంది నూకరత్నం. “నీళ్ళు తాగి రండి.”

వాళ్ళు లేచి వెళ్ళారు. తవిటమ్మ మాత్రం కదల్లేదు. అది ఆమెకు ఆఖరి ప్రయత్నం. సాయంత్రం లాంచీ వచ్చేలోగా ఒప్పుకోలు రాకపోతే అదే లాంచీలో పాతరేవు శిబిరానికి తిరిగి పోవాలి. తూములు మూసే లస్కర్లలో ఒప్పుకోలు ఉన్నవాళ్ళకే కట్టమీద గది. శిక్షణ కాలానికి ఇచ్చిన గదిలోకి తవిటమ్మ అత్తగారిని వెంట తెచ్చుకుంది. శిబిరంలో మంచం కోళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి. అక్కడ రాత్రీ పగలూ దగ్గిన ముసలమ్మ, ఇక్కడి పొడిగదిలోకి వచ్చాక దగ్గు మానేసింది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని పక్కగదుల వాళ్ళతో తగువులు కూడా పెట్టుకుంటోంది.

“మా అత్తకి ఇంకా సెప్పలేదు,” అంది తవిటమ్మ. “సెప్తే ఇప్పట్నించే దగ్గు మొదలెడతాది.”

నూకరత్నం చేతొడుగును కొక్కేనికి తగిలించింది. ఓదార్చడం ఆమె పనిలో భాగం కాదు. ఆమె ఆరో కట్టకు పాఠకూర్పరి.

వాననీరు సముద్రంలోకి పోవడానికి ఆరో కట్టకు ఆరు తూములున్నాయి. ఆరింటి వెనకా ఉన్నది ఒకే పెద్ద గొట్టం. సముద్రం పొంగినప్పుడు తూములు మూయకపోతే, అదే దారిన ఉప్పునీరు లోపలి తీపినీళ్ళలో కలుస్తుంది. మామూలు రోజుల్లో మూతల పని మోటార్లు చూసుకుంటాయి. సముద్రం మీంచి ఉప్పుమంచు దిగిన రోజున మోటార్లు గొంతు పట్టేసి పడుకుంటాయి. అప్పుడు ఆరుగురు లస్కర్లు ఆరు ఇనుప చక్రాలు పట్టుకుని చేత్తో తిప్పి మూయాలి. ఆ తిప్పడం నేర్పేది నూకరత్నం.

పాఠం కూర్చడం ఆమెకు ఇష్టమైన పని. ముందు పనిచేసేవాళ్ళ పక్కన కూర్చుని రోజులకొద్దీ చూసేది. పనిని ముక్కలు చేసేది. ఏ ముక్క చూస్తే వస్తుంది, ఏది చేస్తే గానీ రాదు అని వేరు చేసేది. నేర్చుకునే మనిషికి మొదట పూర్తి ఊతం ఇచ్చి, తర్వాత సగం చేసి, చివరికి తీసేసేది. చక్రం ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నారో నోటితో చెప్పించేది. సగం మరిచిపోయే వేళ చూసి మళ్ళీ పిలిచి చేయించేది. తప్పుల పాఠం అని ఒకటి ఉండేది. అందులో కావాలనే తప్పు తిప్పనిచ్చి, ఏమవుతుందో చూడమనేది.

సరిచూపు వచ్చాక తప్పుల పాఠం పోయింది. దానివల్ల తేడా పెరుగుతోందని అది లెక్క తేల్చింది. మిగతావి కూడా ఒక్కొక్కటే సన్నగిల్లాయి. ఇప్పుడు ఒక మంచి లస్కరు చేతి కదలికను అచ్చుగా తీసుకుంటారు. చేతొడుగు ఆ అచ్చును కొత్తవాళ్ళ చేతుల్లోకి దింపుతుంది. చెయ్యి దారి తప్పబోయే క్షణానికే తీగలు బిగిసి దాన్ని దారిలో పెడతాయి. తప్పు అనేది జరగదు. ఆరో కట్ట అచ్చు అసిరమ్మది. ఆమె కట్టమీద అందరికంటే మంచి లస్కరు. ఇప్పుడు పని మానేసి ఉత్తరపు కొసన ఉంటోంది. ఆ అచ్చు తీసింది నూకరత్నమే. వంతుల వాళ్ళు నేర్చుకునే షెడ్లన్నిటికీ పోయేది అదొక్కటే.

కట్ట అధికారి గేదెల జోగినాయుడు మెట్లెక్కి వచ్చాడు. ఆయన లోపలికి రాగానే ముందు తువ్వాలుతో కళ్ళజోడు మీది ఉప్పు తుడుచుకుంటాడు. తుడుచుకోకుండా మాట్లాడాడంటే విషయం పెద్దదని అర్థం.

“సాయంత్రం పోటు వేళకి ఉప్పుమంచు దిగుతుంది రత్నం. గొట్టం అతుకు దగ్గర చీలింది. ఇంకొక గట్టి గుద్దు పడితే ఊడిపోతుంది.”

మంచు దిగిన రోజుల్లో, చక్రాలు తిప్పుతుండగా, గొట్టంలో నీరు వెనక్కి మళ్ళి గుద్దడం కొంతకాలంగా జరుగుతోంది. పోయినసారి ఆ అదురుకు అయిదో చక్రం వెనక్కి తిరిగి ఒక లస్కరు మణికట్టు విరిగింది.

“సరిచూపు ఏమంటోంది?”

“చేతులు ఇంకా ఒక్కలాగ లేవంటోంది. తేడా తగ్గించమంటోంది. అచ్చు ఇంకాస్త బిగించాలి నువ్వు.”

“బిగిస్తూనే ఉన్నాను కదండీ. బిగించిన కొద్దీ గుద్దు పెరుగుతోంది.”

“ఎవరన్నారు?”

“మీరే. వచ్చిన ప్రతిసారీ, ముందటికంటే గట్టిగా గుద్దింది రత్నం అంటారు.”

జోగినాయుడు అప్పుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“తొట్టి నింపించండి,” అంది ఆమె. “ఆరు చక్రాలకీ.”

శిక్షణ షెడ్డు వెనక అసలు తూములకు నమూనాగా కట్టిన తొట్టి ఉంది. ఆరు చిన్న తూములు, ఆరు చక్రాలు, వెనక ఒక గొట్టం. సరిచూపు ఒక్క చేతిని మాత్రమే కొలవగలదు. కాబట్టి పరీక్ష ఎప్పుడూ ఒక్కొక్కరికే. ఒక చక్రం నీళ్ళలో, మిగతా అయిదూ ఎండలో. ఆరూ కలిసి తడిసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

“ఆరుగురిని ఒకేసారి అది కొలవలేదు,” అన్నాడాయన.

“కొలవక్కర్లేదు. మనం చూద్దాం.”

తొట్టి నిండింది. ఒప్పుకోలు వచ్చిన అయిదుగురూ చేతొడుగులు లేకుండా అయిదు చక్రాల దగ్గర నిలబడ్డారు. ఆరో మనిషి కావాలి. తవిటమ్మ ముందుకు రాబోయింది గానీ, నూకరత్నం ఆమెను ఆపి తనే ఆరో చక్రం పట్టుకుంది. అచ్చును వందలసార్లు తన చేతికే తొడుక్కుని సరిచూసింది ఆమె. అందరికంటే ఎక్కువగా అది తన చేతిలోనే ఉండాలి.

“కానీండి,” అంది.

చక్రాలు తిరిగాయి. నీటి చప్పుడు సన్నబడింది. సగానికి వచ్చేసరికి నూకరత్నం చెయ్యి ఆగింది. ఆమె ఆపలేదు. మంచి ఎండలో నడుస్తున్న మనిషి నీడ కనపడగానే నిలబడ్డట్టు, చెయ్యి తనంతట తాను నిలబడింది. తల తిప్పి చూస్తే ఆరు చేతులూ ఆగి ఉన్నాయి. ఒక్క ఊపిరి. మళ్ళీ ఆరూ కదిలాయి.

గొట్టం గుద్దింది. తొట్టి గోడ అదిరి, జోగినాయుడి చొక్కా మీద నీళ్ళు చిమ్మాయి.

“ఓలమ్మో!” అంది దాలమ్మ. “ఇంతకుముందు ఎప్పుడూ ఇలగ అరవలేదు ఇది.”

“ఒక్కదానివే తిప్పావు కాబట్టి అరవలేదు.” నూకరత్నం ఊపిరి కుదుట పరచుకుంది. “మధ్యలో ఎందుకు ఆగారు అందరూ?”

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

“ఆగాలి కదా మరి,” అంది దాలమ్మ.

“ఎందుకు?”

“ఏమో పంతులమ్మా. అదలగే వచ్చింది. మీరెందుకు ఆగారు?”

నూకరత్నం చేతులు తుడుచుకుంది. గోడ దగ్గరికి పోయి మాటతీగ మీద ఉత్తరపు కొసను పిలిచింది. చాలాసేపటికి అసిరమ్మ పలికింది. వెనక ఎక్కడో మూకుడులో ఏదో వేగుతున్న చప్పుడు.

“ఎవులూ? రత్నమా? ఏటే ఈ యేళప్పుడు?”

“అప్పా, నీ చేతి అచ్చు తీసిన రోజు గుర్తుందా? చక్రం సగంలో ఒకసారి ఆగావు. ఎందుకు ఆగావు?”

“ఆగేనా?”

“ఆగావు.”

“ఓ, అదా!” అసిరమ్మ నవ్వింది. “ముందురోజు మా మనవరాల్ని ఎత్తుకుని ఊరంతా తిప్పేను. భుజం పట్టేసింది. సగం తిప్పేసరికి పేణం పోయినంత పనైంది. ఓపాలి ఊపిరి తీసుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు కదే, సూళ్ళేదా?”

“చూశాను. నీ పనితనం అనుకున్నాను.”

“పనితనమా, పాడా! నొప్పే అది. ఉండుండు, వంకాయలు మాడిపోతన్నాయి.”

మాటతీగ తెగింది. దాలమ్మ తన కుడిభుజం పట్టుకుని చూసుకుంది, అక్కడ నొప్పి ఉందేమో అన్నట్టు.

జోగినాయుడు తొట్టి గట్టు మీద వేలితో గీస్తూ లెక్క వేసుకున్నాడు. మొదటి తోపుకు పుట్టిన అల గొట్టం చివరిదాకా పోయి తిరిగి వచ్చేసరికి ఒక ఊపిరి కాలం పడుతుంది. సరిగ్గా అప్పుడే ఆరు చేతులూ రెండో తోపు తోస్తున్నాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణం చూసి నెట్టినట్టు. ఆరుగురు ఆరు రకాలుగా తిప్పిన కాలంలో ఆ అలలు ఒకదాన్నొకటి తినేసేవి.

“అయితే ఆగకుండా తిప్పండి,” అన్నాడు.

తిప్పారు. సగంలో ఆగారు. మళ్ళీ గుద్దింది.

“ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటన్నాను బాబూ,” అంది దాలమ్మ. ఆమె గొంతులో ఎకసెక్కం పోయింది. “అయినా ఆగిపోతంది. పూనకం వచ్చినట్టుంది సెయ్యికి.”

నూకరత్నం ఆరో చక్రం వదిలి పక్కకు జరిగింది.

“తవిటమ్మా, రా.”

తవిటమ్మ వచ్చి చక్రాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. ఎడమ భుజం ముందుకు వంచి, నడుముతో తోసింది. అయిదు చేతులు ఆగినప్పుడు ఆమెది ఆగలేదు. అయిదు కదిలేసరికి ఆమె పని ముగించి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. గొట్టం మూలిగింది గానీ గుద్దలేదు.

“ఒక్క చెయ్యి వేరైతేనే ఇంత మార్పు!” జోగినాయుడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “దొరికింది రత్నం! అచ్చు మార్చేద్దాం. ఈ పిల్ల చేతినుంచే కొత్త అచ్చు తీద్దాం. ఇంక ఆగడం ఉండదు. సరిచూపుకి నేను చెప్తాను.”

తవిటమ్మ మొహం వెలిగింది.

“నా సెయ్యా? నా సెయ్యే అచ్చయితే నాకు తేడా ఎక్కడుంటాది?”

“ఉండదు,” అన్నాడాయన. “నీ చేతికీ నీ చేతికీ తేడా ఏముంటుంది? ఒప్పుకోలు అప్పటికప్పుడే.”

“తియ్యండి బాబూ. ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిప్పుతాను. ఒలే దాలీ, రేపట్నించి మీరందరూ ఎడంసేతి మారాణులే!”

“మా కర్మ,” అంది దాలమ్మ. కానీ నవ్వింది.

నూకరత్నం చేతొడుగు తేవడానికి కొక్కెం దాకా పోయింది. దాన్ని చేతిలోకి తీసుకుంది కూడా. తవిటమ్మ అప్పుడే చెయ్యి చాపి నిలబడింది. తొడిగితే చాలు. అరగంటలో అచ్చు తయారవుతుంది. ముసలమ్మ గది ముసలమ్మకు ఉంటుంది. లాంచీ వచ్చిన దారినే పోతుంది. నియమం ఎక్కడా తప్పదు.

ఆమె తొడగలేదు.

“అప్పుడు ఆరు చేతులూ తవిటమ్మవే అవుతాయి,” అంది.

“అవనీ. ఆగవు కదా?”

“ఆగవు. ఆరూ ఒకేసారి మూస్తాయి. రెండు తోపుల గుద్దు పోయి ఒక్క తోపు గుద్దు వస్తుంది. మీ అతుకు దానికి నిలుస్తుందా?”

జోగినాయుడు మళ్ళీ గట్టు మీద గీశాడు. ఈసారి చాలాసేపు గీశాడు. “నిలవదు,” అన్నాడు తల ఎత్తకుండా.

“పంతులమ్మా,” అంది తవిటమ్మ చాచిన చెయ్యి దించకుండా. “ఒక్కరోజుకి తియ్యండి. లాంచీ ఎల్లిపోయినాక సెరిపేద్దురు గాని.”

“ఒక్కరోజుకి తీసినా నీ చెయ్యి అన్ని షెడ్లకీ పోతుంది తల్లీ. పోయినది తిరిగిరాదు. నా చేతిలోంచి అసిరమ్మ భుజాన్ని ఎవరు తీస్తారు?”

తవిటమ్మ చెయ్యి దించింది. అది కోపమో, అర్థం కావడమో నూకరత్నానికి తెలియలేదు. తెలుసుకునేందుకు ఆగలేదు. గోడ ముందుకు పోయి నిలబడింది. దేన్ని సరి అనాలో చెప్పే అధికారం ఆ కట్టమీద పాఠకూర్పరికి ఒక్కరికే ఉంది. అసిరమ్మ అచ్చు పెట్టిన రోజు తర్వాత ఆమె దాన్ని వాడలేదు.

“సరి మార్చాలి,” అంది.

“కొత్త అచ్చు ఇవ్వండి,” అంది సరిచూపు.

“అచ్చు లేదు. పాతది తీసెయ్యి. ఇకనుంచి చేతిని కొలవొద్దు. గొట్టంలో నీళ్ళను కొలువు. ఆరుగురూ కలిసి మూసినప్పుడు నీళ్ళు గుద్దకపోతే ఆరుగురికీ ఒప్పుకోలు. గుద్దితే ఆరుగురికీ లేదు.”

“ఏ చేతితో పోల్చాలి?”

“ఏ చేతితోనూ కాదు.”

“పోలిక లేకపోతే తేడా ఉండదు. తేడా లేకపోతే పాత ఒప్పుకోళ్ళకు ఆధారం ఉండదు. అవన్నీ రద్దవుతాయి. మీది కూడా. కొనసాగించాలా?”

“రత్నం, ఆలోచించు,” అన్నాడు జోగినాయుడు. ఆయన ముందుకు రాలేదు. ఆపాలనుకుంటే చెయ్యి పట్టుకునేంత దగ్గరలోనే ఉన్నాడు.

“కొనసాగించు,” అంది నూకరత్నం.

ముందు కొక్కేనికి వేలాడుతున్న చేతొడుగులు ఉస్సురుమని గాలి వదిలాయి. తర్వాత పక్క షెడ్డులో, ఆ పక్క షెడ్డులో. కట్ట పొడుగునా ఎక్కడెక్కడ ఎవరు పాఠంలో ఉన్నారో వాళ్ళ చేతుల మీద తీగలు వదులయ్యాయి. కిటికీలోంచి చూస్తే, దక్షిణపు షెడ్డులో ఒకావిడ చక్రం పట్టుకుని సగంలో నిలబడి ఉంది. ఎటు తిప్పాలో చెప్పేవాళ్ళు లేక తన చేతిని తనే చూసుకుంటోంది.

“కొంప ముంచావు పో,” అన్నాడు జోగినాయుడు. కానీ అరవలేదు.

ఉన్న కాస్త వెలుగులో నూకరత్నం తొట్టిని మళ్ళీ నింపించింది. ఈసారి చేతులు ఎలా పెట్టాలో చెప్పలేదు. “నీళ్ళు వినండి,” అంది. “గొట్టం మూలిగితే మీరే కాస్త తగ్గండి, పక్కవాళ్ళు ఎలా తిప్పుతున్నారో చూడకండి.” తవిటమ్మను రెండో చక్రానికి మార్చింది. దాలమ్మ చెయ్యి ఇంకా ఆగుతూనే ఉంది, కాకపోతే ఒకసారి ముందు, ఒకసారి వెనక. గొట్టం గుద్దింది. తర్వాత మళ్ళీ గుద్దింది, కాస్త తక్కువగా. ఆ తర్వాత ఒకసారి గుద్దలేదు. ఎందుకు గుద్దలేదో ఎవరూ చెప్పలేకపోయారు. నూకరత్నం దాన్నే మళ్ళీ చేయించింది.

లాంచీ కూత వేసింది. లాంచీ నడిపే సరంగు పోలయ్య మెట్లెక్కి వచ్చాడు. రోజూ రేవు దగ్గరే నిలబడి కేకేసేవాడు, ఈ రోజు పైకి వచ్చాడు.

“ఏటి బాబూ ఇది? ఒప్పుకోలు లేనోళ్ళని ఎక్కించుకోమంటాది గోడ రోజూ. ఒకరో ఇద్దరో ఉంటారు. ఇయ్యాల గోడ కట్టమీదున్నోళ్ళందరి పేర్లూ సదివేస్తంది. ఇంకా ఆపలేదు. నా లాంచీలో ఇరవై మందికి సోటుంటాది.”

జోగినాయుడు కళ్ళజోడు తీశాడు. “నా పేరు కూడా చదివిందా?”

“మీదే ముందు సదివింది బాబూ.”

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తవిటమ్మ నవ్వలేదు. ఆమె చూపు జోగినాయుడి మీదే ఉంది. ఆయన ఒక్క పేరు చెప్తే చాలు, మిగతా అందరినీ వదిలి ఆ ఒక్కదాన్ని ఎక్కించి పంపొచ్చు. నియమం కనీసం ఒకరి విషయంలోనైనా బతుకుతుంది. ఆయనకు ఆ ఆలోచన వచ్చినట్టే ఉంది. ఆరు చక్రాలవైపు చూశాడు, తవిటమ్మ వైపు చూశాడు. సముద్రం మీద తెల్లగా లేస్తున్న మంచును చూశాడు. తూముల వైపు మోటార్ల మోత అప్పటికే తగ్గుతోంది.

“తాడు విప్పుకో పోలయ్యా,” అన్నాడు. “ఖాళీగా పో.”

“అక్కడ అడిగితే ఏటి సెప్పమంటారు?”

“అధికారి ఎక్కలేదని చెప్పు.”

పోలయ్య తల గోక్కుంటూ దిగి వెళ్ళాడు. ఆరుగురూ తొట్టి వదిలి అసలు తూముల వైపు నడిచారు. తవిటమ్మ మధ్యలో ఆగి, పై అంతస్తు కిటికీ వైపు కేకేసింది.

“అత్తా! తలుపేసుకో, మంచొస్తంది! అన్నం నాను వచ్చి వండుతాను!”

లోపలినుంచి ముసలమ్మ ఏదో తిట్టింది. తవిటమ్మ పరుగెత్తింది.

నూకరత్నం గొట్టం పక్కన కూర్చుని అతుకు కింద అరచెయ్యి ఆనించింది. ఇనుము చల్లగా, తడిగా ఉంది. పైన చక్రాలు కదిలాయి. ఒకటి ముందు మొదలైంది, రెండు కలిసి వచ్చాయి, ఒకటి బాగా వెనకబడింది. నీరు నెమ్మదిగా గొంతు మార్చుకుంటోంది. అది మూలుగో, గుద్దుకు ముందు పట్టే ఊపిరో ఇంకా తేలలేదు.

“ఇప్పుడు ఏది సరి?” అని తూము గోడలోంచి సరిచూపు అడిగింది.

“ఉండవే,” అంది నూకరత్నం. “నీళ్ళు విననీ.”

*

కోరాడ సింహాద్రమ్మ
వయసు డెబ్భై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది భీమునిపట్నంలో